ఒక పాత హారర్ కామిక్ కోసం తొమ్మిది నెలలు: నా అనుభవం

అక్టోబర్ 12, దసరా రోజు. గారెల పిండి చేతికి అంటుకుని ఉండగా డోర్‌బెల్ మోగింది. సంతకం కావాలన్నాడు కొరియర్ అబ్బాయి. మోచేత్తో తలుపు తీసి, ఒక్క నిమిషం అని అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి, రెండుసార్లు సబ్బుతో చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెట్టాను. ఆ పెట్టెలో ఉన్నది 1950ల మొదట్లో అచ్చయిన ఒక హారర్ కామిక్. ఈ వ్యవహారం జనవరిలో మొదలైంది. ఎంత ఖర్చయింది, ఎక్కడ దెబ్బతిన్నాను, ఎక్కడ ఎన్ని రోజులు ఎదురుచూశాను అన్నీ వరసగా రాస్తున్నాను. ఇవి సేకరించే తెలుగువాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు గానీ, కొనాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారని నా నమ్మకం.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవైలో. నాకీ పిచ్చి 2022లో పట్టుకుంది. కాపీరైట్ తీరిపోయిన పాత అమెరికన్ కామిక్స్‌ని డిజిటల్ కామిక్ మ్యూజియం అనే సైట్లో ఉచితంగా చదవచ్చు. పిల్లాడు పడుకున్నాక రాత్రిళ్ళు కూర్చుని రెండేళ్ళలో వందల సంచికలు చదివాను. 1954 చివర్లో కామిక్స్ కోడ్, అంటే ప్రచురణకర్తలు తమకి తామే పెట్టుకున్న నియమావళి, వచ్చాక ‘హారర్’, ‘టెర్రర్’ అన్న మాటలు పుస్తకం పేరులో కూడా ఉండకూడదన్నారు. దానికి ముందు వచ్చినవాటినే ప్రీ-కోడ్ అంటారు. శవాలు లేచి రావడం, భార్యని చంపిన భర్తకి ఆఖరి పేజీలో శాస్తి జరగడం, సందు చివర దీపం కింద నీడ, అంతా చవక కాగితం మీద నాలుగు రంగుల చుక్కల్లో. తెనాలిలో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో రోజుకి రూపాయి ఇచ్చి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, అమ్మకి కనబడకుండా లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివిన రోజులు గుర్తొచ్చేవి. స్క్రీన్ మీద ఎంత చదివినా, అసలు కాగితాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలన్న కోరిక మాత్రం పెరుగుతూనే పోయింది.

జనవరిలో బడ్జెట్ పెట్టుకున్నాను: 300 డాలర్లు. మా ఆయన ఒప్పుకున్నారు. అమ్మకి ఫోన్లో చెప్తే, “పాత పేపర్లు వేస్తే మనకి డబ్బులిస్తారు గానీ, మనమే డబ్బులిచ్చి కొనడమేంటే?” అంది.

300 డాలర్లకి ఏం రావో ముందే తెలుసు. క్రైమ్ సస్పెన్‌స్టోరీస్ 22వ సంచిక అట్ట చూడనివాళ్ళు ఈ రంగంలో ఉండరు. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన తల. 1954 ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో బాలనేరాల మీద విచారణ జరుపుతున్న సెనేట్ ఉపసంఘం ముందు సెనెటర్ కెఫావర్ ఆ అట్టనే చూపించి ఇది సభ్యంగా ఉందంటారా అని అడిగితే, హారర్ కామిక్ అట్టకి సభ్యంగానే ఉందని ప్రచురణకర్త విలియం గెయిన్స్ జవాబిచ్చాడు. అలాంటి చరిత్ర ఉన్న పుస్తకం జోలికి మన జీతాలతో వెళ్ళలేం. అంత పేరు లేని ప్రచురణల్లో, మధ్యరకం కండిషన్లో ఒకటి దొరికితే చాలనుకున్నాను.

జనవరి 27, శనివారం రాత్రి, ఆన్‌లైన్ వేలంలో జర్నీ ఇంటూ ఫియర్ సంచిక ఒకటి 240 డాలర్లకి నాకు ఖాయమైంది. ఆఖరి పది సెకన్లలో గుండె దడదడలాడిపోయింది. పోస్టేజీ 12, దాని మీద మిషిగన్ సేల్స్ టాక్స్ ఆరు శాతం, మొత్తం 267 చిల్లర. ఈ టాక్స్ సంగతి నేను బడ్జెట్లో వేసుకోలేదు, మీరు వేసుకోండి. వివరణలో “పూర్తి ప్రతి, వెరీ గుడ్” అని రాసి ఉంది. ఫొటోలు ఆరు. అట్ట ముందు, వెనక, నాలుగు లోపలి పేజీలు.

ఫిబ్రవరి 3న వచ్చింది. తెరవగానే వచ్చిన వాసన గురించి చెప్పాలి. పాత బీరువాలో అడుగున పెట్టిన పట్టుచీరకి ఉండే వాసన, దానికి కాస్త పులుపు కలిస్తే ఎలా ఉంటుందో అలా. కాగితం పల్చగా, తేనె రంగులో ఉంది. నేను వంటింట్లో టేబుల్ మీద శుభ్రమైన తువ్వాలు పరిచి, దాని మీద పెట్టి, పేజీ అంచు కాకుండా పేజీ మధ్యలో అరచెయ్యి ఆనించి తిప్పుతూ మొదటి రెండు కథలు చదివాను. అంత ఆనందం చాలా ఏళ్ళ తర్వాత.

మూడో కథలో తేడా కొట్టింది. పేజీ కింద 2 అని ఉంది. పక్క పేజీ కింద 7. వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను. రెండు పేజీలు అతుక్కుపోయాయేమో అని వేలితో మెల్లగా విడదీయబోయాను. అతుక్కోలేదు. 3 నుంచి 6 వరకు నాలుగు పేజీలు లేవు. అద్దె షాపు నవలల్లో హంతకుడెవరో తేలే చివరి కాగితం ఎవరో చింపేస్తే పడ్డ బాధే, పాతికేళ్ళ తర్వాత మళ్ళీ.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. ముందే నేర్చుకోవాల్సిన విషయం ఇది. ఆ కాలపు పుస్తకాల్లో ఎక్కువ భాగానికి లోపల 32 పేజీలు, అంటే మధ్యకి మడిచిన ఎనిమిది షీట్లు, దాని మీద తొమ్మిదోది అట్ట. రెండు పిన్నులతో అన్నీ కలిపి కుట్టి ఉంటాయి. సరిగ్గా మధ్యలో ఉండే షీటు పిన్నుల దగ్గర వదులైపోయి, ఎవరికీ తెలియకుండా జారిపోతుంది. అది ఒక్కటి పోతే నాలుగు పేజీలు పోయినట్టే. అట్ట మీద చూస్తే ఏమీ తెలియదు. కాబట్టి కొనే ముందు అమ్మేవాళ్ళని మూడు అడగాలి: షీట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా, మధ్య పేజీల ఫొటో ఉందా, పిన్నుల దగ్గర లోపలివైపు ఎలా ఉంది. నేను ఒక్కటీ అడగలేదు.

అమ్మినాయనకి మెసేజ్ పెట్టాను. రెండు రోజులకి జవాబు: డెబ్భై ఏళ్ళ పుస్తకం, అలాగే ఉంటుంది అని. డిజిటల్ కామిక్ మ్యూజియం సైట్లో ఉన్న స్కాన్ పక్కన నా పుస్తకం పెట్టి తీసిన ఫొటోలు పంపాను, నా ప్రతిలో లేని నాలుగు పేజీలూ కనిపించేలా. మళ్ళీ నాలుగు రోజులు మౌనం. వేలం సైటుకి ఫిర్యాదు చేశాక వెనక్కి పంపమన్నారు. ఫిబ్రవరి 21న డబ్బు మొత్తం వచ్చింది, టాక్స్‌తో సహా. తిరిగి పంపిన ఖర్చు 15 డాలర్లు మాత్రం నాదే. డబ్బు కన్నా, ఆ పద్దెనిమిది రోజుల టెన్షన్ ఎక్కువ బాధపెట్టింది. పుస్తకాన్ని పార్సిల్ చేసేటప్పుడు, సగం చదివిన ఆ కథని తలుచుకుని ఏడుపొచ్చినంత పనైంది.

మార్చి నెలంతా ఏమీ కొనలేదు. ఏప్రిల్ మొదటి ఆదివారం, ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఒక హోటల్ హాల్లో పాత కామిక్స్ అమ్మకం ఉందంటే వెళ్ళాను. టికెట్ ఐదు డాలర్లు. హాల్లో చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే, గుడికి వెళ్ళి అటే వచ్చాను. నన్నెవరూ వింతగా చూడలేదు, చెయ్యి శుభ్రంగా ఉంటే చాలు అన్నట్టు ఉన్నారు. ఒక ముసలి డీలర్ దాదాపు గంటసేపు నాకు పాఠం చెప్పాడు. నేను ఏమీ కొనబోవట్లేదని ముందే చెప్పాను, అయినా చెప్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవి ఇవాళ్టికీ రోజూ పనికొస్తున్నాయి.

పుస్తకం వెన్ను, అంటే పిన్నులుండే మడత అంచు, నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తే ముందు అనుమానించాలట. నల్ల రంగు మడతల దగ్గర రాలి తెల్లగా కనబడటం సహజం, డెబ్భై ఏళ్ళకి అది లేకపోతే ఎవరో మార్కర్ పెన్నుతో పూసి ఉంటారు. అట్ట తెరిచి లోపలివైపు చూస్తే ఆ సిరా ఇటు దిగిన మరక కనబడుతుంది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కొత్త రంగు చుట్టూ ఉన్న పాత రంగు కన్నా వేరేగా మెరుస్తుంది. టార్చి 12 డాలర్లే. అలా రంగు పూసిన పుస్తకానికి గ్రేడింగ్‌లో, అంటే కంపెనీవాళ్ళు పరీక్షించి మార్కు వేసేటప్పుడు, ఊదారంగు లేబుల్ వేస్తారు, ధర చాలావరకు పడిపోతుంది. పూసినవాడు నలభై ఏళ్ళ క్రితం ముచ్చటపడి పూసి ఉండొచ్చు, మోసం చేద్దామని కాదు, అయినా శిక్ష పుస్తకానికే పడుతుంది. అంచులు సమంగా కోసేసి కొత్తగా కనిపించేలా చేసినవి ఇంకో రకం. అందుకని టేపు పెట్టి కొలవాలి. సెలోటేపు అంటించినది, పేజీ వంచితే అంచు చిట్లి పొడిలా రాలేది, వీటికి దూరంగా ఉండమన్నాడు.

వెళ్ళబోతుంటే, విండ్సర్‌లో తనకి తెలిసిన ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తున్నాడని, వాళ్ళన్న కొన్న పుస్తకాలు కొన్ని ఉన్నాయని, కావాలంటే మాట్లాడి చూడమని నంబరిచ్చాడు.

విండ్సర్ అంటే కెనడా. డెట్రాయిట్ నది దాటితే అదే. ఇక్కడో విషయం చెప్పాలి. కెనడాలో క్రైమ్ కామిక్స్ అచ్చు వేసినా, అమ్మినా నేరమని 1949 చివర్లో చట్టం చేశారు. డేవీ ఫుల్టన్ అనే ఎంపీ తెచ్చిన బిల్లు అది. 2018లో గానీ ఆ మాటని క్రిమినల్ కోడ్ నుంచి తీసెయ్యలేదు. అంటే అరవై తొమ్మిదేళ్ళు! వెళ్ళే ముందు నేను నిజంగానే వెతికి చూసుకున్నాను, ఇప్పుడు నేరం కాదని తేలాకే బయల్దేరాను. అమెరికా వైపు మాత్రం తక్కువ తినలేదు. 1948 డిసెంబర్లో న్యూయార్క్ రాష్ట్రం బింగమ్‌టన్‌లో స్కూలు పిల్లలతోనే కామిక్స్ పోగేయించి తగలబెట్టించారు. ఇప్పుడు మనకి దొరుకుతున్న ఒక్కో ప్రతీ అలాంటి మంటల్ని తప్పించుకుని వచ్చిందే.

మే 18, శనివారం, మా ఆయనా నేనూ నది కింద టన్నెల్లోంచి వెళ్ళాం. మాకు గ్రీన్ కార్డులున్నాయి, పాస్‌పోర్టు కూడా తప్పకుండా పట్టుకెళ్ళాలి. పెద్దాయనకి ఎనభై దాటాయి. వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పుస్తకాలు తనవి కావు, అన్నవి. అన్న ఈయన కన్నా ఆరేళ్ళు పెద్ద, పేపర్లు వేసి సంపాదించిన చిల్లరతో వీధి చివర సిగరెట్ల కొట్లో కొనేవాడట. ఒకరోజు వాళ్ళమ్మ చూసి, నేలమాళిగలో బొగ్గు కొలిమిలో ఒక కట్ట వేసేసింది. మిగిలినవి అన్న అటకమీద చెక్కల కింద దాచాడు. పెద్దయ్యాక కూడా ఏటా ఒకసారి తీసి దుమ్ము దులిపి పెట్టేవాడట. రెండేళ్ళ క్రితం పోయాడు. “నాకివంటే చిన్నప్పటి నుంచీ భయం, కానీ చెత్తలో వెయ్యలేను” అన్నారు.

మొత్తం పదకొండు. రెండింటిని నేను కొన్నాను, ఒకటి ఆయన ఊరికే ఇచ్చారు.

మొదటిది ది వాల్ట్ ఆఫ్ హారర్. చేతిలోకి తీసుకోగానే నా వేళ్ళు వణికాయి, అది నిజం. కింద చిన్న అక్షరాలు చదివేదాకా నాకు అర్థం కాలేదు, అది న్యూయార్క్ లాఫయెట్ స్ట్రీట్‌లో గెయిన్స్ కంపెనీ ఈసీ వేసిన ప్రతి కాదు. టొరంటోలో సుపీరియర్ వాళ్ళు వేసిన కెనడా ప్రతి. డాలర్లు బయటికి పోకుండా 1947 చివర్లో కెనడా ప్రభుత్వం అమెరికా కామిక్స్ దిగుమతిని ఆపేస్తే, అక్కడి ప్రచురణకర్తలు ఆ పుస్తకాల్నే హక్కులు తీసుకుని అక్కడే అచ్చు వేశారు. అదే కథలు, జానీ క్రెయిగ్ గీసిన అదే అట్ట. కాగితం కాస్త గరుకు. తర్వాత నేను కనుక్కున్న ఇద్దరు డీలర్లూ అమెరికా ప్రతికన్నా దీనికి తక్కువే ఇస్తామన్నారు. నాకు అమ్మే ఆలోచన లేదు కాబట్టి ఆ తక్కువే నా అదృష్టమైంది.

రెండోది జర్నీ ఇంటూ ఫియర్, అదే సుపీరియర్ వాళ్ళది. ఫిబ్రవరిలో నేను పోగొట్టుకున్న సంచిక కాదు, వేరేది. ఊరికే ఇచ్చినది క్రైమ్ డజ్ నాట్ పే, 1949 చట్టానికి ముందుది, అట్ట లేదు. అమ్ముడుపోని పుస్తకాలకి కొట్లవాళ్ళు అట్టనో, అట్ట పైభాగాన్నో చింపి వెనక్కి పంపి డబ్బు రాబట్టుకునేవారు. మిగిలిన మొండెం ఎవరో పిల్లాడికి చవగ్గా ఇచ్చేసేవారు. బహుశా ఇదీ అలాంటిదే.

వరండాలోనే లెక్కపెట్టాను. ఎనిమిది షీట్లు, తొమ్మిదోది అట్ట. మళ్ళీ లెక్కపెట్టాను. టార్చి వేశాను, ఆయన దుప్పటి తెచ్చి నా తల మీదుగా కప్పితే ఆ చీకట్లో. రంగు పూత లేదు. వాల్ట్ ఆఫ్ హారర్ మధ్య షీటు మాత్రం కింది పిన్ను దగ్గర ఊడి, పై పిన్నుకి వేలాడుతోంది.

దాని అట్ట మీద, పైన లేత రంగు ఉన్నచోట, పెన్సిల్‌తో ఒక పేరుంది. పిల్లాడి రాత. మొదటి అక్షరం పెద్దది, మిగిలినవి పోను పోను చిన్నవై, చివరి అక్షరం అట్ట అంచుకి వంగిపోయింది. అన్న పేరు. “దీన్ని చెరిపేస్తారా?” అని అడిగారు పెద్దాయన. చెరపనన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

రెండింటికీ కలిపి 680 కెనడా డాలర్లు, మనకి దాదాపు 500. బేరం ఆడలేదు. నా బడ్జెట్ దాటిపోయిందని మా ఆయన వైపు చూస్తే, ఏటీఎం ఎక్కడుందో ఫోన్లో వెతుకుతున్నారు. బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము మూడు శాతం వేసింది. ఆ శనివారం కెనడాలో విక్టోరియా డే సెలవుల మొదటి రోజని మాకు తెలియదు, తిరుగు ప్రయాణంలో టన్నెల్ ముందు యాభై నిమిషాలు ఆగిపోయాం. కారులో ఎండ పడకుండా పుస్తకాల మీద నా చున్నీ కప్పి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సరిహద్దులో ఆఫీసర్ ఏం కొన్నారంటే పాత కామిక్స్ అన్నాను. చూపించమన్నారు, చూపించాను. అచ్చు పుస్తకాలకి సుంకం లేదు. అట్టని రెండు క్షణాలు చూసి, జాగ్రత్తగా తీసుకెళ్ళండి అన్నారు.

ఇంటికి రాగానే వాటికి మైలార్ అనే పారదర్శక పాలిస్టర్ కవర్లు, ఆమ్లం లేని అట్టముక్కలు వేశాను. మామూలు ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్ళకి పసుపెక్కి కాగితాన్నీ పాడుచేస్తాయి. బేస్‌మెంట్‌లో చెమ్మ ఉంటుంది కాబట్టి మేడమీద అల్మరాలో, నిలబెట్టి.

గ్రేడింగ్‌కి పంపాలా వద్దా అని పదిహేను రోజులు ఆలోచించాను. గ్రేడింగ్ అంటే, పుస్తకాన్ని కంపెనీవాళ్ళు పరీక్షించి, పదికి ఇంతని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. స్లాబ్ అంటారు దాన్ని. ఇక తెరిచి చదవలేం. చదవడం కోసమే ఇదంతా మొదలుపెట్టిన మనిషికి అది కష్టంగానే ఉంటుంది. కానీ మధ్య షీటు ఒక్క పిన్నుకి వేలాడుతుంటే, చదివిన ప్రతిసారీ కొంచెం కొంచెం చిరుగుతుంది. పైగా ఫిబ్రవరి దెబ్బ తర్వాత, తెలిసినవాళ్ళు ఒకసారి చూసి ఇది పూర్తిగా ఉంది, పూతలేమీ లేవు అని చెప్తే వినాలని ఉండింది. చివరికి వాల్ట్ ఆఫ్ హారర్ ఒక్కటే పంపాలని నిర్ణయించుకున్నాను. పంపే ముందు మూడు రాత్రులు అందులోని కథలన్నీ, మధ్యలో వచ్చే రెండు పేజీల వచన కథతో సహా చదివాను. పోస్టులో తక్కువ రేటుకి పత్రికగా వెళ్ళాలంటే కొంత వచనం ఉండాలన్న నిబంధన వల్ల వేసేవారు వాటిని. చాలామంది దాటేస్తారు, నేను దాటెయ్యలేదు.

జూన్ 10న ముందు ప్రెసింగ్ చేసే అతనికి పంపాను. ప్రెసింగ్ అంటే తేమ, వేడి పెట్టి ముడతలు తీయడం, ఒకరకంగా ఇస్త్రీ. 25 డాలర్లు. పోస్టాఫీసులో ఒక ఆశ్చర్యం. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలంటే పెట్టెకి మెరిసే ప్లాస్టిక్ టేపు ఉండకూడదు, ముద్ర సిరా పీల్చుకునే కాగితపు టేపే వెయ్యాలి. నేను ఇంట్లో అంత జాగ్రత్తగా చుట్టిందంతా విప్పి, టేపు కొనుక్కొచ్చి, మళ్ళీ చుట్టి, మళ్ళీ లైన్లో నిలబడ్డాను. ఒక పూట సెలవు పోయింది.

జూలై 2న అతని దగ్గర్నుంచి ఈమెయిల్. అట్ట మీద పెన్సిల్ రాత ఉంది, డ్రై క్లీనింగ్‌లో, అంటే తడి లేకుండా రుద్ది తుడిస్తే, దాదాపు పూర్తిగా పోతుంది, గ్రేడు అర పాయింటు పెరగొచ్చు, చెయ్యమంటారా అని. మాటిచ్చాను కదా, వెంటనే వద్దని రాసి ఉండాల్సింది. రాయలేదు. రెండు రాత్రులు ఆలోచించాను. అర పాయింటు అంటే ధరలో తేడా ఉంటుంది. పెద్దాయన ఆ పుస్తకాన్ని మళ్ళీ చూడరు. పెన్సిల్ రాతే కదా, అట్టకి మంచిదే కదా, ఇలా నాకు నేనే చెప్పుకున్నాను. రెండో రాత్రి ఫోన్లో ఆ ఫొటో పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. చివరి అక్షరం రాసేటప్పుడు చోటు చాలక పెన్సిల్ గట్టిగా నొక్కాడు, అక్కడ కాగితం కాస్త లోపలికి దిగింది. కొలిమిలో పడకుండా దాచిన పిల్లాడు ఇది నాది అని రాసుకున్న రాత. జూలై 4 పొద్దున్న వద్దని రాశాను.

అతను ప్రెస్ చేసి నేరుగా గ్రేడింగ్ కంపెనీకి పంపాడు. గ్రేడింగ్‌కి 45, ఇంకో 5 ఏదో రుసుము, తిరుగు పోస్టేజీ ఇన్సూరెన్స్‌తో 32. ప్రెసింగ్‌తో కలిపి 107 డాలర్లు, నేను రిజిస్టర్డ్‌లో పంపిన ఖర్చు కాకుండా. జూలై 29న “అందింది” అని సైట్లో కనిపించింది. ఆగస్టు అంతా అదే మాట. సెప్టెంబర్ సగం దాకా అదే మాట. రోజూ పొద్దున్న కాఫీ పెట్టుకుని, అమ్మకి ఫోన్ చేసే ముందు ఆ పేజీ తెరిచి చూడటం అలవాటైపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, వరసలో ఉంది అన్నారు. సెప్టెంబర్ 26న “గ్రేడ్ అయింది” అని మారింది, మార్కు మాత్రం కనబడలేదు. అక్టోబర్ 3న కనబడింది.

3.5.

నేను 4.5 అనుకున్నాను. 4 వచ్చినా సంతోషించేదాన్ని. ఆఫీసులో మీటింగ్ మధ్యలో చూశాను, మొహం మాడిపోయిందేమో, ఒంట్లో బాగాలేదా అని పక్కామె అడిగింది. సాయంత్రం వివరాలు చదివాను. పిన్నులకి తుప్పు, మధ్య షీటు ఒక పిన్ను దగ్గర ఊడింది, వెన్ను మీద మడతలు, అట్ట మీద పేరు రాసి ఉంది. పేజీల రంగు క్రీమ్ నుంచి ఆఫ్ వైట్. లేబుల్ నీలం. అంటే పుస్తకం పూర్తిగా ఉంది, పూతలు లేవు, కోతలు లేవు. జనవరి నుంచి నేను వినాలనుకున్నది ఆ నీలం లేబులే. ఆ రాత్రి 3.5 గురించి మా ఆయనకి చెప్తే, పేరు చెరిపించి ఉంటే 4 వచ్చేదా అని అడిగారు. రావచ్చు అన్నాను. మరి బాధపడుతున్నావా అన్నారు. మార్కు గురించి పడ్డాను గానీ, పేరు ఉంచినందుకు మాత్రం కాదు.

దసరా రోజు పెట్టె వచ్చాక, గారెలు వేయించడం మా ఆయనకి అప్పజెప్పి విప్పాను. మూడు పొరల బబుల్ ర్యాప్, రెండు గట్టి అట్టముక్కల మధ్య డబ్బా. మూల మూలా చూసుకున్నాను, పగుళ్ళేమీ లేవు. ప్రెసింగ్ తర్వాత అట్ట మీద ముడతలు చాలావరకు పోయాయి, ఎర్ర రంగు మునుపటికన్నా లోతుగా కనిపిస్తోంది. ఎనిమిదేళ్ళ మా వాడు వచ్చి దెయ్యం బొమ్మ చూసి, ఇది తెరవలేమా అని అడిగాడు. తెరవలేం, నీకు ఇంకోటి ఉంది అని, అట్ట లేని క్రైమ్ డజ్ నాట్ పే తెచ్చి, తువ్వాలు పరిచి, పేజీ ఎలా తిప్పాలో చూపించాను. కొన్ని బొమ్మలు వాడి వయసుకి పనికిరావు, అవి చేత్తో కప్పి దాటించాను. అరచెయ్యి ఆనించి వాడే ఒక పేజీ తిప్పాడు, ఊపిరి బిగబట్టి.

సాయంత్రం విండ్సర్ పెద్దాయనకి ఫొటో పంపి ఫోన్ చేశాను. కెనడాలో అది థాంక్స్ గివింగ్ వారాంతం, వెనక మనవలు అల్లరి చేస్తున్నారు. మార్కు ఎంతో ఆయన అడగలేదు, నేనే చెప్పాను, అది మంచిదా కాదా అని కూడా అడగలేదు. కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టున్నారు, కాసేపు మాట లేదు. తర్వాత, “ఆ ప్లాస్టిక్ లోంచి మా అన్న పేరు కనబడుతోందా, నాకు ఈ ఫోన్లో సరిగ్గా తెలియట్లేదు” అన్నారు. డబ్బాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదివి వినిపించాను.